దోమల పాపం చెరువుదేనా?

వానలు పడి చెరువు నిండితే ఊరంతా సంబరం. పది పదిహేను రోజులు గడిచేసరికి 'ఈ చెరువు వల్లే దోమలు, ఈ దోమల వల్లే జ్వరాలు' అనే మాట మొదలవుతుంది. పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో ఏటా వానల కాలంలో జ్వరాల ఓపీలో మాకు తరచుగా వినిపించే మాట ఇది. ఊరి పక్క కుంటను పూడ్చేస్తే పీడ విరగడవుతుందనే వాళ్లూ ఉన్నారు. మరి దోమ నిజంగా చెరువులోనే పుడుతోందా? పుడితే ఏ చెరువులో, చెరువులో ఏ మూల? ఇది తెలుసుకోకుండా చెరువును తిట్టుకుంటూ కూర్చుంటే, మన పిల్లలకు డెంగీ అంటించే దోమ మిద్దె మీది ట్యాంకులో హాయిగా పెరుగుతుంటుంది.

నీరుంటే చాలదు

దోమ జీవితంలో మొదటి భాగమంతా నీళ్లలోనే గడుస్తుంది. గుడ్డు నుంచి లార్వా, లార్వా నుంచి ప్యూపా, దాన్నుంచి రెక్కల దోమ రావటానికి మన వాతావరణంలో సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. చలికాలంలో ఇంకాస్త ఎక్కువ. పుంగనూరు, మదనపల్లె కాస్త మిట్ట ప్రాంతాలు కాబట్టి డిసెంబరు, జనవరి చలికి ఈ పెరుగుదల నెమ్మదిస్తుంది. అంతేగానీ ఆగదు.

లార్వా నీళ్లలో బతికినా గాలి పీల్చుకోవటానికి నీటి పైకి రావాల్సిందే. ఏడిస్, క్యూలెక్స్ లార్వాలకు తోక చివర చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని నీటి పొరకు ఆనించి తలకిందులుగా వేలాడుతుంటాయి. అనాఫిలిస్ లార్వాకు ఆ గొట్టం ఉండదు. అది నీటి మట్టానికి సమాంతరంగా, పరుపు మీద పడుకున్నట్టు ఉంటుంది. ఏ రకమైనా వీటికి కదలని నీరు కావాలి. గాలికి అలలు లేచే చోట ఊపిరి తీసుకోవటం కష్టం. లోతైన చోట దాక్కోవటానికి ఆసరా ఉండదు, పైగా చేపలుంటాయి. అందుకే కట్ట మీద నిలబడి చూస్తే మెరుస్తూ కనిపించే చెరువు నడిబొడ్డున దోమ లార్వాలు దాదాపు ఉండవు.

ఉండేది అంచుల్లో. వేలెడు లోతు నీళ్లలో, గడ్డి మునిగిన చోట, నాచు తెట్టు కట్టిన చోట, పశువులు దిగి తొక్కిన గుంటల్లో. పుంగనూరు ఆవు పొట్టిదే, దాని గిట్ట జాడ ఇంకా చిన్నది. కానీ వాన నీళ్లు వారం పైగా నిలిస్తే లార్వాకు ఆ గిట్ట జాడ కూడా చెరువంత పెద్దదే.

కాబట్టి ఏ చెరువును చూసినా, కుంటను చూసినా ఐదు ప్రశ్నలు వేసుకోండి. నీళ్లు కదులుతున్నాయా? అంచు నిటారుగా ఉందా, పల్లంగా పరుచుకుని ఉందా? నీటి మీద ఏం మొలిచింది? నీళ్లలోకి ఏం కలుస్తోంది? చేపలున్నాయా? ఈ ఐదింటి జవాబులను బట్టే ఆ చెరువు దోమలను పెంచుతోందా, తుంచుతోందా అన్నది చాలా వరకూ తెలిసిపోతుంది.

ఏ నీటికి ఆ దోమ

దోమలన్నీ ఒకటి కాదు. ఒక్కో రకానికి ఒక్కో నీటి రుచి.

అనాఫిలిస్: మలేరియాను మోసే దోమ. గ్రామాల్లో మలేరియాకు ముఖ్య కారణమైన అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ ఎండ పడే, కాస్త తేటగా ఉండే నీటిని ఇష్టపడుతుంది. పిల్ల కాలువలు, వంకల్లో ఇసుక తవ్విన గుంతలు, వరద తగ్గాక ఏటి గర్భంలో మిగిలిన మడుగులు, వాడని బావులు దీనికి ఇళ్లు. దీని అన్నదమ్ముల్లో ఒకటైన అనాఫిలిస్ స్టీఫెన్సీ పట్టణాల్లో బావులు, మూతలేని ట్యాంకుల్లో పెరుగుతుంది.

క్యూలెక్స్ క్విన్క్విఫాసియాటస్: రాత్రంతా చెవి దగ్గర గుయ్యిమనేది ఎక్కువగా ఇదే. మురుగు దీనికి విందు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు, మురుగు కలిసే చెరువు మూలలు దీని పుట్టిళ్లు. కోస్తా జిల్లాల్లో బోదకాలును వ్యాపింపజేసింది ఇదే.

వరి మడి క్యూలెక్స్: క్యూలెక్స్‌లోనే ట్రైటీనియోరింకస్ అనే మరో రకం వరి మడుల్లో, గడ్డి మొలిచిన చిత్తడి నేలల్లో పెరుగుతుంది. కొంగలు, పందుల నుంచి జపనీస్ మెదడువాపు వైరస్‌ను మనుషులకు చేరుస్తుంది. దేశంలో ఈ జబ్బు ఆనవాళ్లను తొలిసారి గుర్తించింది మనకు పొరుగునే ఉన్న వేలూరు ప్రాంతంలో, 1955లో.

మాన్సోనియా: దీని లార్వా మిగతా వాటిలా పైకి రాదు. గుర్రపు డెక్క వంటి నీటి మొక్కల వేళ్లలోకి గొట్టం గుచ్చి అక్కడి నుంచే గాలి తీసుకుంటుంది. మొక్కను తీసేస్తే ఈ దోమకు ఊపిరి ఆగినట్టే.

ఏడిస్ ఈజిప్టై: డెంగీ, చికున్‌గన్యాలను మోసే చారల దోమ. ఇది చెరువు జోలికే పోదు. డ్రమ్ములు, తొట్లు, సంపులు, పాత టైర్లు, వాడని రోళ్లు, పూలకుండీ కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనుక ట్రేలు... మన ఇంట్లో, ఇంటి చుట్టూ ఉండే నీళ్లే దీనికి కావాలి. పగలే కుడుతుంది. పుట్టిన చోటు నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లు కూడా దాటదు. అంటే మీ ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చిందంటే ఆ దోమ చాలా వరకూ మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, లేదా బడి, పనిచేసే చోటి పరిసరాల్లోనో పుట్టి ఉంటుంది. ఊరి చివరి చెరువు మీద నింద వేయటం తేలికే. కానీ దానివల్ల మీ పెరట్లో డ్రమ్ము ఖాళీ కాదు.

ఇంకో మాట. చెరువు గట్టున సాయంత్రం దీపాల చుట్టూ మేఘంలా ముసిరేవన్నీ దోమలు కావు. చూడటానికి దోమల్లాగే ఉండే, కుట్టని పురుగులు వాటిలో చాలా ఉంటాయి. కుట్టే దోమల్లోనూ ఆడవే కుడతాయి.

చెరువుకు కాపలాదారులు

ఏడాది పొడవునా నీళ్లుండే ఆరోగ్యకరమైన చెరువులో దోమ లార్వాను తినే జీవులు చాలా ఉంటాయి. చిన్న చేపలు, తూనీగ పిల్లలు, నీటి పురుగులు ఎప్పుడూ వేటాడుతుంటాయి. నెత్తిన తెల్ల చుక్కతో నీటి పై పొరలోనే తిరిగే చిన్న చేపను మీరూ చూసే ఉంటారు. అది లార్వాలను ఇష్టంగా తింటుంది. కప్పల దగ్గర నుంచి కొంగల దాకా ఈ గొలుసులో అందరికీ చోటుంది.

రాయలసీమ చెరువుల కష్టం ఇక్కడే. వానలు లేక రెండు మూడేళ్లు చెరువు ఎండిపోతే చేపలూ, తూనీగ పిల్లలూ చచ్చిపోతాయి. తర్వాత ఒక్కసారిగా వాన పడి నీళ్లు చేరగానే ముందుగా వచ్చి గుడ్లు పెట్టేది దోమే. కాపలాదారులు తిరిగి చేరటానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ ఖాళీ సమయం దోమలకు పండగ. 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చెరువులు పొంగిపొర్లటం మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వాన వెలిశాక చెరువు నిండటాన్ని చూసి మురిసిపోవటంతో పాటు, చెరువు చుట్టూ మిగిలిన చిన్న చిన్న మడుగులనూ చూసుకోవాలి. చేపలు లేని ఆ మడుగులే అసలు సమస్య.

తోటల్లో తవ్వుకునే పంట కుంటలకూ ఇదే వర్తిస్తుంది. టమాటాకు డ్రిప్ పెట్టుకోవటానికి ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్లు నింపిన కుంటలో చేపలుండవు, అలలూ పెద్దగా లేవవు. అందులో నాలుగు చేపపిల్లలు వేస్తే చాలా వరకూ సమస్య తీరుతుంది.

చెరువు ఎప్పుడు చెడుతుంది?

మంచి చెరువు దోమల ఫ్యాక్టరీగా మారటానికి కారణం ఎక్కువగా మనమే.

ఇంటి మురుగు చెరువులోకి వదిలితే నీళ్లలో కుళ్లు పెరుగుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు చస్తాయి. లార్వా పై నుంచి గాలి పీల్చుకుంటుంది కాబట్టి దానికేమీ కాదు. పైగా కుళ్లులో పెరిగే సూక్ష్మజీవులే దాని ఆహారం. అంటే మురుగు ఒక్క దెబ్బకు శత్రువును చంపి, అన్నం కూడా వడ్డిస్తుంది. ఆ మురుగులోని ఎరువుతోనే గుర్రపు డెక్క, జమ్ము పెరిగి నీటిని కప్పేస్తాయి. అలలు ఆగిపోతాయి. చేప దూరలేని గుబురుల్లో లార్వాలు దాక్కుంటాయి.

పూడిక పేరుకుపోతే చెరువు లోతు తగ్గి పల్లపు అంచు పెరుగుతుంది. మట్టి కోసం ఎక్కడపడితే అక్కడ తవ్విన గుంతలు చెరువు తగ్గాక విడివిడి మడుగులవుతాయి. వచ్చే కాలువ పూడి, మొరవ మూసుకుపోతే నీళ్లు కొత్తవి రావు, పాతవి పోవు. ఇక అంచున పారేసిన ప్లాస్టిక్ కప్పులు, కొబ్బరి బోండాలు, టైర్లలో వాన నీళ్లు నిలిస్తే చెరువు జోలికే రాని ఏడిస్‌ను కూడా మనమే చెరువు గట్టుకు పిలిచినట్టు.

ఇలా చెడిన చెరువును చూసి 'పూడ్చేయండి' అనటం పరిష్కారం కాదు. చెరువును పూడిస్తే వాన నీళ్లు పల్లంలోని ఇళ్ల మధ్య, ఖాళీ స్థలాల్లో నిలుస్తాయి. ఒక పెద్ద చెరువు పోయి, చేపలు లేని వంద గుంటలు వస్తాయి. భూగర్భ జలం తగ్గి నీటి కరవు వస్తే ఇంటింటా డ్రమ్ములు పెరుగుతాయి. అంటే రాత్రి దోమను తరిమి డెంగీ దోమను తెచ్చుకోవటం.

కరవు సీమ నేర్పిన పాఠం

తడి ప్రాంతాలకే దోమల జబ్బులు వస్తాయనుకోవటం ఎంత పొరపాటో 2006లో మనం చూశాం. మూడు దశాబ్దాల విరామం తర్వాత చికున్‌గన్యా దేశంలో మళ్లీ తల ఎత్తింది 2005 చివర్లో. మొదట్లోనే దాని దెబ్బ తిన్న ప్రాంతాల్లో మన రాయలసీమ కూడా ఉంది. 2006లో దేశవ్యాప్తంగా సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఇంటిల్లిపాదీ కీళ్లు పట్టేసి మంచం దిగలేని రోజులవి. కరవు సీమకు ఇంత దోమ ఎక్కడిది? నీళ్లు రోజూ రావు కాబట్టి ప్రతి ఇంట్లో నిల్వ ఉంటాయి. ఆ నిల్వలోనే ఏడిస్ పెరుగుతుంది. దీని గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే తొట్టి ఖాళీ చేస్తే చాలదు, గోడలను బ్రష్షుతో రుద్ది కడగాలి.

కాలువ నీళ్లు వస్తున్నాయి... కాస్త జాగ్రత్త

హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు మన వైపు వస్తున్నాయి. 2025 ఆగస్టులో అవి కుప్పం చెరువుల దాకా చేరాయి. తరాల కరవు చూసిన ప్రాంతానికి ఇంతకన్నా మంచి కబురు లేదు. అయితే పొడి నేలకు కొత్తగా కాలువ వచ్చిన చోట ఒక జాగ్రత్త అవసరమని చరిత్ర చెబుతోంది. 1930లలో మైసూరు సంస్థానంలో కృష్ణరాజసాగర్ కాలువ నీళ్లు మండ్య ప్రాంతానికి వచ్చాక అక్కడ మలేరియా పెరిగింది. తప్పు నీళ్లది కాదు. లీకయ్యే తూములు, కాలువ పక్కన ఊటతో నిండిన గుంతలు, గడ్డి పట్టిన పిల్ల కాలువలు దోమకు ఆశ్రయమిస్తాయి.

దీనికి మందూ నీళ్లలోనే ఉంది. అమెరికాలో టెనెసీ లోయ జలాశయాల్లో దోమల కాలంలో నీటి మట్టాన్ని వారం వారం కొద్దిగా తగ్గించి, పెంచేవారు. మట్టం తగ్గగానే అంచు గడ్డిలోని లార్వాలు ఒడ్డున పడి ఎండిపోయేవి, లేదా చేపల నోటికి అందేవి. చెరువు కింద వరి వేసే రైతులూ ఈ పని చేయొచ్చు. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలపకుండా, వ్యవసాయ సిబ్బంది సలహాతో మధ్యమధ్యలో ఆరగట్టి మళ్లీ తడి పెడితే లార్వా పెరిగి దోమయ్యే వ్యవధి దొరకదు. నీళ్లూ ఆదా అవుతాయి.

మన చేతిలో ఉన్నది

ఊరుగా:

• చెరువులోకి మురుగు కలవకుండా చూడమని పంచాయతీని, మున్సిపాలిటీని గట్టిగా అడగండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.
• గుర్రపు డెక్క, జమ్మును కోసి గట్టుకు దూరంగా వేయాలి. అంచులు వీలైనంత నిటారుగా ఉండేలా సరిచేయాలి. ఉపాధి హామీ పనుల్లో పూడికతీతతో పాటు దీన్నీ అడగొచ్చు.
• ఊరి చెరువులో స్థానిక చేపలే మేలు. దోమ చేపగా పేరుపడ్డ గంబూసియాను మన దేశానికి 1928లో తెచ్చారు. లార్వాలతో పాటు అది స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. దాన్ని సహజమైన చెరువుల్లో వదలకూడదు. బావులు, తొట్ల వంటి వాటికి ఏది తగునో ఆరోగ్య సిబ్బందిని అడగండి.
• వాడిన ఇంజిన్ ఆయిల్ చెరువులో, కుంటలో పోయకండి. అది చేపలను చంపుతుంది, పశువులు తాగే నీటిని పాడు చేస్తుంది.
• పొగ మందు ఎగిరే దోమను మాత్రమే చంపుతుంది, లార్వాను కాదు. మన ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే ఇళ్లు చాలా ఉన్నాయి. దోమ మందు పట్టుపురుగుకూ విషమే. మల్బరీ తోటలు, పెంపకం షెడ్ల దగ్గర పొగ కొట్టించేముందు రైతులకు, సిబ్బందికి మధ్య మాట ఉండాలి.

ఇంట్లో:

• వారానికోసారి నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. శుక్రవారం 'డ్రై డే' పాటించమని ఆశా, ఏఎన్ఎంలు చెప్పేది ఇందుకే. దోమ పుట్టటానికి పట్టే కాలం కంటే వారం తక్కువ కదా.
• సంపుకు, మిద్దె మీది ట్యాంకుకు ఈగ కూడా దూరని మూత ఉండాలి.
• సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం చివర సన్నని జాలీ లేదా నైలాన్ వల కట్టండి. ఈ చిన్న పనితో రాత్రి దోమలు చాలా తగ్గుతాయి.
• పసిపిల్లలు పగలు నిద్రపోయేటప్పుడూ దోమతెర వేయండి. బడికెళ్లే పిల్లలకు నిండు చేతుల చొక్కా మేలు.

జ్వరం వచ్చిందా?

వానల కాలంలో జ్వరం రెండు రోజులు దాటితే పరీక్షలకు రండి. మలేరియా పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. డెంగీలో మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష ఉపయోగపడతాయి. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. డెంగీలో వాటివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గే సమయంలో మొదలవుతుంది. 'జ్వరం పోయింది, ఇక ఫర్వాలేదు' అనుకునే రోజే జాగ్రత్తగా ఉండాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, మగత, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కదాన్నే చూసి భయపడొద్దు, ధైర్యపడొద్దు. శరీరంలో నీటి శాతం, రక్తపోటు, రక్తం చిక్కబడటం మేం అంతకన్నా జాగ్రత్తగా చూస్తాం.

తెల్ల మగ్గు పరీక్ష

మలేరియాను మోసేది దోమేనని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే కనుక్కున్నాడు. లార్వాలను పట్టి, పెంచి, దోమలయ్యాక పరిశీలించి ఆయన ఆ రహస్యం ఛేదించాడు. లార్వాను చూడటానికి మనకు సూక్ష్మదర్శిని అక్కర్లేదు. ఒక తెల్ల మగ్గు చాలు. ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని ముందు మీ ఇంటి డ్రమ్ములో, తొట్టిలో నీళ్లు మెల్లగా ముంచి వెలుగులో చూడండి. తర్వాత చెరువు అంచున, మురుగు కలిసే మూలన, పశువులు దిగే చోట కూడా చూడండి. పిల్లలను మాత్రం గట్టుకు దూరంగా నిలబెట్టి, ముంచే పని పెద్దవాళ్లే చేయండి. మెలికలు తిరుగుతూ తలకిందులుగా వేలాడితే ఏడిసో, క్యూలెక్సో. నీటిపై అడ్డంగా పడుకుంటే అనాఫిలిస్. ఎక్కడ ఎక్కువ కనిపిస్తే ముందుగా అక్కడే పని మొదలుపెట్టాలి. చెరువు అంచున కనిపిస్తే మున్సిపాలిటీకి చెప్పండి. ఇంటి తొట్టిలో కనిపిస్తే ఎవరికీ చెప్పనక్కర్లేదు, వెంటనే ఒలకబోసి రుద్ది కడిగేయండి.